‘లా గ్రాందె గ్వెర్రా’ను హాస్యచిత్రమని ఎందుకంటారు?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ఇటాలియన్ దర్శకుడు మారియో మోనిచెల్లి మొదటి ప్రపంచయుద్ధం మీద 1959లో తీసిన ‘లా గ్రాందె గ్వెర్రా’ను, అంటే ‘మహాయుద్ధం’ను, మంచి హాస్యచిత్రమని మిత్రులెవరో చెప్పగా చూశారు. రెండు గంటలు నవ్వించి చివర్లో నాయకులిద్దరినీ కాల్చి చంపేసేసరికి మోసపోయినట్టనిపించిందనీ, దీన్ని హాస్యమని ఎలా అంటారనీ అడిగారు. అది మొదటిది. సినిమా అంతా పిరికివాళ్ళుగా చూపించిన మనుషులను ఆఖరి పది నిమిషాల్లో దేశభక్తులుగా మార్చడం అతకలేదన్నది రెండోది. నేను రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే దానికి జవాబు దొరికితే మొదటి దానికి పెద్దగా జవాబు అక్కర్లేదు.

ముప్పై ఏళ్ళుగా ఫిలిం సొసైటీ ప్రదర్శనల్లోనూ, సినిమా రసాస్వాదన తరగతుల్లోనూ ఈ చిత్రాన్ని నేను కనీసం పదిసార్లు ప్రేక్షకులతో కలిసి చూశాను. ప్రతిసారీ మీరు అడిగిన ప్రశ్ననే ఎవరో ఒకరు అడిగారు. నా జవాబు మాత్రం కాలంతో పాటు మారింది. మొదట్లో నేను కూడా వాళ్ళు చివరికి వీరులయ్యారనే చెప్పేవాణ్ణి. ఇప్పుడలా అనుకోవడం లేదు.

ముగింపును మరోసారి నిదానంగా గుర్తు చేసుకుందాం. మిలనో నగరానికి చెందిన జోవాన్ని బుసాక్కా (విత్తోరియో గాస్మన్), రోమ్ వాడైన ఒరెస్తె యాకొవాచ్చి (అల్బెర్తో సోర్ది) అనే ఇద్దరు ఇటాలియన్ సైనికులు వార్తాహరులుగా వెళ్ళి, పని ముగించుకుని, వెంటనే తిరిగి రాకుండా ఒక పల్లెటూరి ఇంట్లో రాత్రి గడుపుతారు. అదీ తప్పించుకోవడంలో భాగమే. కందకంలోకి తిరిగి వెళ్ళడం ఎంత ఆలస్యమైతే అంత మేలన్నది వాళ్ళ లెక్క. తెల్లారేసరికి ఆస్ట్రియన్ సేన ముందుకు రావడంతో ఆ ఇల్లు శత్రువు చేతిలోకి పోయింది. బయటపడే ప్రయత్నంలో ఆస్ట్రియన్ కోట్లు తొడుక్కున్నందువల్ల, దొరికిపోయినప్పుడు వాళ్ళు యుద్ధ ఖైదీలు కారు, గూఢచారుల కింద లెక్క. గూఢచారులకు శిక్ష తుపాకీ దళమే.

ఇక్కడ వాళ్ళు చేసే మొదటి పనిని మీరు గమనించారా? ఇద్దరూ వెంటనే లొంగిపోతారు. పియావే నది మీద ఇటాలియన్ సేన ఎదురుదాడికి వంతెన ఎక్కడ వేస్తోందో తమకు తెలుసని వాళ్ళంతట వాళ్ళే ఒప్పుకుంటారు. ప్రాణం దక్కుతుందంటే చెప్పడానికి సిద్ధపడతారు. బతికుంటే బలుసాకైనా తినవచ్చునన్న సామెత ఇటలీలో లేదేమో కానీ, ఉంటే అది ఈ ఇద్దరి రెజిమెంటు జెండా మీద రాసుకోదగ్గ వాక్యం. ఆ క్షణం వరకు సినిమా తన పాత్రలకు పూర్తిగా నమ్మకంగానే ఉంది.

అప్పుడు ఆస్ట్రియన్ అధికారి ఒక చిన్న హేళన చేస్తాడు. ఇటాలియన్ భాషలో ధైర్యానికి వాడే మాట ‘ఫెగతో’. దాని అసలు అర్థం కాలేయం. ఇటలీ వాళ్ళకు తెలిసిన ఫెగతో ఒక్కటే, వెనిస్ పద్ధతిలో ఉల్లిపాయలు వేసి వండుకునేది. త్వరలో అది కూడా మేమే తింటాం, అన్నది ఆ హేళన సారాంశం. నేను చూసిన ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌లో ఈ మాట నీరుగారిపోయింది. మన వాళ్ళకు చెప్పేటప్పుడు నేను కార్జం మాట వాడతాను. తెలుగులో ధైర్యానికి గుండె అంటాం కానీ, హైదరాబాదు వైపు వాళ్ళకు ‘జిగర్’ అన్నా ‘కలేజా’ అన్నా చప్పున అర్థమవుతుంది, అవి రెండూ కూడా కార్జమే. నీకు తెలిసిన కలేజా ఉల్లిపాయలతో వేయించుకునే కార్జం ఒక్కటే అని శత్రువు నీ ముఖం మీద అంటే ఎలా ఉంటుందో, బుసాక్కాకు అలా ఉంటుంది.

అంతే. అతను లేచి, తన మిలనో యాసలోనే, నువ్వు ఇలా మాట్లాడావు కాబట్టి నీకు ఒక్క ముక్క కూడా చెప్పను పో, అంటాడు. చివర్లో ఒక బూతు. ఇందులో ఇటలీ అన్న మాట లేదు, రాజు లేడు, జెండా లేదు. అతన్ని కదిలించింది దేశం కాదు, ఒక కోటేసుకున్న పెద్దమనిషి తనను చులకనగా చూడటం. జీవితమంతా పెద్దమనుషుల చులకన భరించిన మనిషి, జైలు నుంచి బయటికి వచ్చి, ప్రభుత్వాలే వద్దన్న అరాచకవాది బకూనిన్ పేరు చెప్పుకుని తిరిగిన మనిషి, ఆ ఒక్కసారి మాత్రం భరించలేదు. తనను చిన్నచూపు చూసినవాడు ఆస్ట్రియన్ కాకుండా ఇటాలియన్ జనరల్ అయ్యుంటే కూడా బుసాక్కా అదే బూతు తిట్టేవాడని నా నమ్మకం. అందుకే దాన్ని దేశభక్తి అనడానికి నాకు నోరు రాదు. రోషం అంటాను. తెలుగులో ఆ రెండింటికీ వేర్వేరు మాటలుండటం మన అదృష్టం.

బుసాక్కాను తీసుకెళ్ళి కాల్చేస్తారు. యాకొవాచ్చి మిగిలాడు. ఇప్పుడు సోర్ది నటన చూడండి. అతను రొమ్ము విరుచుకోడు. వణుకుతాడు, ఏడుస్తాడు, తనకేమీ తెలియదని గొంతు చించుకుంటాడు, తెలిస్తే చెప్పేవాణ్ణే, నేను పిరికివాణ్ణి, అందరికీ తెలుసు, అని అరుస్తాడు. మొదటిసారి చూసినప్పుడు ఇది వట్టి భయంలా కనిపిస్తుంది. కానీ అతనికి తెలుసు; కాసేపటి కిందటే ఇద్దరూ కలిసి ఒప్పుకున్నారు. చెబితే బతికేవాడు. చెప్పలేదు. పైగా చెప్పకపోవడానికి తన పిరికితనాన్నే సాక్ష్యంగా పెట్టాడు. సినిమా అంతా చర్మం కాపాడుకోవడానికి అబద్ధాలాడిన మనిషి, ఆఖరిసారి ఆడిన అబద్ధంతో ఆ చర్మాన్నే పోగొట్టుకున్నాడు. అది స్నేహితుడి శవం ఇంకా చల్లారకముందు వాణ్ణి తక్కువ చేయలేకపోవడమా, లేక ఆ క్షణంలో నిజంగానే బుర్ర పనిచేయకపోవడమా అన్నది మోనిచెల్లి తేల్చడు. తేల్చకపోవడమే సరైనదని నేననుకుంటాను. సోర్ది కళ్ళలో రెండూ ఉన్నాయి.

తరువాత ఇటాలియన్ దళాలు దూసుకొచ్చి ఆ స్థలాన్ని తిరిగి పట్టుకుంటాయి. జరిగినదేమీ తెలియని కెప్టెన్, ఈసారి కూడా ఆ ఇద్దరు వెధవలు ఎలాగో తప్పించుకున్నారే అనుకుంటూ ముందుకు సాగిపోతాడు. సినిమా అక్కడితో అయిపోతుంది. వీరమరణానికి సాక్షి లేడు, పతకం లేదు, వాళ్ళ పేరు మీద మిగిలింది ఒక నింద. మీరు వీరులుగా మార్చారన్నారు కానీ, సినిమా లోకంలో వాళ్ళు వీరులని ఎవరికీ తెలియదు, తెలిసింది మనకొక్కరికే. హాస్యానికి పునాది ఎప్పుడూ ఇదే కదా, ప్రేక్షకుడికి తెలిసింది పాత్రకు తెలియకపోవడం. మోనిచెల్లి ఆ పాత హాస్యసూత్రాన్నే తీసుకుని చావు మీద ప్రయోగించాడు. ఒకసారి ఒక ప్రదర్శనలో, కెప్టెన్ ఆ మాట అన్నప్పుడు హాల్లో ఒకే ఒక్క మనిషి పగలబడి నవ్వాడు. అందరూ అతని వైపు కోపంగా చూశారు. లైట్లు వేశాక చూస్తే డెబ్బై దాటిన మాజీ సైనికుడు. ఎందుకు నవ్వారని అడిగితే, సైన్యంలో పై అధికారి ఎప్పుడూ అలాగే అనుకుంటాడు బాబూ, అన్నారు. ఆయన కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

ఈ కథకు మూలం కూడా మీకు ఉపయోగపడవచ్చు. రచయితల్లో ఒకరైన లుచానో విన్చెంజోనికి ఫ్రెంచి కథకుడు మోపాసా రాసిన ‘ఇద్దరు స్నేహితులు’ అన్న చిన్నకథ నుంచి ఈ ఆలోచన వచ్చింది. 1870 నాటి ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధంలో పారిస్ ముట్టడిలో ఉండగా, ఇద్దరు అమాయకులైన మిత్రులు చేపలు పట్టడానికి ఊరి బయటికి వెళ్ళి ప్రష్యన్లకు దొరికిపోతారు, సంకేతపదం చెప్పమంటే నోరు విప్పరు, ప్రాణాలు పోగొట్టుకుంటారు. ఆ కథలో మిత్రులు మొదటి నుంచీ మంచివాళ్ళే, మౌనంగానే చనిపోతారు. ఆజె, స్కార్పెల్లి అనే జంట రచయితలు, విన్చెంజోని, మోనిచెల్లి కలిసి దాన్ని తిరగేశారు. మిత్రులను దగాకోరులుగా చేశారు, మౌనం స్థానంలో ఒకరికి బూతు, మరొకరికి ఏడుపు ఇచ్చారు. మోపాసా కథ చదివినవాడికి జాలి కలుగుతుంది. ఇది చూసినవాడికి జాలితో పాటు సిగ్గు కూడా కలుగుతుంది, ఎందుకంటే రెండు గంటల సేపు మనం వాళ్ళను చూసి నవ్వాం.

మన సాహిత్యంలో దీనికి దగ్గరగా వచ్చేది విరాటపర్వంలో ఉత్తరుడు. అంతఃపురంలో ఆడవాళ్ళ ముందు కోతలు కోసి, కౌరవసేన కనబడగానే రథం దిగి పారిపోయిన రాకుమారుడు. ఉత్తరకుమార ప్రగల్భాలు అన్న మాట నేటికీ మన నోళ్ళలో ఉంది కాబట్టి, యుద్ధరంగంలో పిరికివాణ్ణి చూసి నవ్వడం మనకు కొత్తేమీ కాదు. అయితే ఉత్తరుడికి బృహన్నల ఉంది, పారిపోతుంటే జుట్టు పట్టుకుని వెనక్కి లాగడానికి, అవసరమైతే గాండీవం అందుకోవడానికి. మోనిచెల్లి కందకంలో ఇద్దరూ ఉత్తరులే. పక్కన అర్జునుడు లేడు. జమ్మిచెట్టు మీద ఆయుధాలూ లేవు. అందుకే అక్కడ నవ్వు విజయంతో ముగుస్తుంది, ఇక్కడ ఇలా ముగుస్తుంది.

ఇప్పుడు మరో విషయం. ఇటలీ వాళ్ళు ఈ సినిమాను అంతగా ఎందుకు తలకెత్తుకుంటారో అర్థం కావాలంటే 1959 నాటికి ఆ యుద్ధం వాళ్ళ మనసులో ఎలా ఉండేదో కొంత తెలియాలి. ఇటలీ 1915 మే నెలలో ఆస్ట్రియా–హంగరీ మీద యుద్ధానికి దిగింది. ఐదు మిలియన్లకు పైగా మనుషులను సైన్యంలో చేర్చుకున్నారు. ఆరు లక్షల మందికి పైగా సైనికులు తిరిగి రాలేదు. ఎక్కువమంది రైతులు. సర్వసేనాని లుయీజి కదోర్నా ఇజోంజో నది మీద పదకొండు దాడులు చేయించి, నెత్తురు పోసి కొద్దిపాటి నేల సంపాదించాడు. క్రమశిక్షణ పేరిట సైనిక న్యాయస్థానాలు విధించిన మరణశిక్షల్లో సుమారు 750 అమలయ్యాయని చరిత్రకారులు లెక్క కట్టారు. 1917 అక్టోబరు 24న కపొరెత్తో దగ్గర ఇటలీ రక్షణ రేఖ తెగింది. సేన పియావే నది దాకా వెనక్కి పరుగెత్తింది. లక్షల మంది ఖైదీలయ్యారు. నేటికీ ఇటాలియన్ భాషలో ‘కపొరెత్తో’ అంటే ఘోర పరాజయమనే అర్థం. ఎన్నికల్లో చిత్తుగా ఓడిన పార్టీకి కూడా ఆ మాటే వాడతారు. కదోర్నాను తప్పించి అర్మాందో దియాజ్‌ను నియమించాక, 1918లో చివరికి ఇటలీ గెలిచిన పక్షంలో నిలిచింది.

గెలిచిన యుద్ధం కాబట్టి ముస్సోలినీ ప్రభుత్వం దాన్ని పూజగదిలో పెట్టింది. ఫ్రియూలి ప్రాంతంలో రెదిపూల్యా అనే చోట 1938లో ప్రారంభించిన స్మారకాన్ని ఫోటోల్లోనైనా చూడండి. కొండవాలు మీద రాతిమెట్లు, వాటి కింద లక్ష మంది సైనికుల అవశేషాలు, మెట్ల అంచుల వెంబడి మళ్ళీ మళ్ళీ ఒకే మాట, ‘ప్రెజెంతె’. బళ్ళో హాజరు పిలిచినప్పుడు చెప్పే ‘హాజర్’ అన్న మాటే. చచ్చినవాళ్ళు కూడా వరుసలో నిలబడి హాజరు చెబుతున్నారన్నమాట. ఆ రాళ్ళను మనసులో పెట్టుకుని, ఆ ఇద్దరూ మళ్ళీ తప్పించుకున్నారే అన్న కెప్టెన్ మాటను ఇంకోసారి వినండి. ప్రభుత్వం హాజరు వేసుకున్న లక్షల మందిలో ఎంతమంది హాజరు కావాలనుకుని వచ్చారో, ఎవరి హాజరు ఎవరు వేశారో అన్న ప్రశ్నను మోనిచెల్లి ఒక్క ఉపన్యాసం లేకుండా అడిగాడు.

ఆ ప్రశ్న అడగడం తేలిక కాలేదు. చిత్రీకరణ మొదలుకాకముందే పత్రికల్లో దుమారం రేగింది. హాస్యనటుడైన సోర్ది, అంతకుముందు ఏడాది మోనిచెల్లి తీసిన దొంగల సినిమాతో నవ్వించిన గాస్మన్, మళ్ళీ ఆ మోనిచెల్లే కలిసి మన అమరుల మీద సినిమా తీస్తారట, ఇదేం అపచారం, అన్నది ఆ రాతల ధోరణి. నిర్మాత దీనో దె లౌరెంతీస్ వెనక్కి తగ్గలేదు. సినిమా విడుదలయ్యాక ఆ గొడవ చాలావరకు దానంతటదే చల్లారింది. వెనిస్ చిత్రోత్సవంలో స్వర్ణసింహం వచ్చింది, ఆ తరువాత ఆస్కార్‌లో విదేశీ చిత్రాల విభాగంలో నామినేషన్ వచ్చింది. ఇటలీలో ప్రజలు విరగబడి చూశారు. 1957లో అదే స్వర్ణసింహం సత్యజిత్ రాయ్ ‘అపరాజితో’కు వచ్చిందని గుర్తు చేస్తే, ఆ రోజుల్లో వెనిస్ న్యాయనిర్ణేతలు ఎలాంటి సినిమాలను ఎంచేవారో మనకొక అందాజు దొరుకుతుంది.

ఇక్కడొక విచిత్రం ఉంది. 1959లో ఆ బహుమతిని రెండు సినిమాలకు పంచారు, రెండోది రొబెర్తో రొస్సెల్లినీ తీసిన ‘ఇల్ జెనెరాలె దెల్లా రోవెరె’. మన దేశంలో సినిమా తీసి తిరిగి వెళ్ళిన తరువాత రొస్సెల్లినీకి దక్కిన పెద్ద విజయం అది. అందులో విత్తోరియో దె సీకా ఒక మోసగాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్లు అతన్ని, తమ మీద రహస్యంగా పోరాడే ప్రతిఘటన దళాల సేనానిగా నటించమని జైల్లో పెడితే, నటిస్తూ నటిస్తూ నిజంగానే సేనానిలా తుపాకుల ముందు నిలబడతాడు. ఒకే ఏడాది, ఒకే దేశం, ఒకే బహుమతి, రెండింటిలోనూ దగాకోరు మనిషి తుపాకీ దళం ముందు ముగిసిపోవడం. తేడా మాత్రం చాలా ఉంది. దె సీకా పాత్రకు తాను పోషిస్తున్న వేషం మీద గౌరవం పుడుతుంది. అతను హుందాగా చనిపోతాడు. బుసాక్కా, యాకొవాచ్చిలకు హుందాతనం కూడా దక్కదు. మీరు చెప్పిన ‘వీరులుగా మార్చడం’ అన్న విమర్శ ఏదైనా సినిమాకు తగిలితే అది రొస్సెల్లినీ సినిమాకే ఎక్కువ తగులుతుంది.

అలాగని మీ అభ్యంతరాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయను. ఇద్దరు సోమరులు చివర్లో రహస్యం దాచి, ఆ వెంటనే దాడి గెలిచినట్టు చూపించడం వల్ల, చూసి చూడనట్టుండే ప్రేక్షకుడు ‘ఎంతైనా మనవాళ్ళు’ అని ఛాతీ పొంగించుకుని ఇంటికి వెళ్ళే వీలు ఉంది. 1959లో చాలామంది అలాగే వెళ్ళి ఉంటారు. దుమారం చల్లారడానికి అదీ ఒక కారణం కావచ్చు. పైగా తమ సైనికులను తామే కాల్చి చంపిన ఆ 750 మరణశిక్షల జోలికి సినిమా వెళ్ళలేదు. అది లోటే. నవ్వుతో అంతదూరం వెళ్ళడం సాధ్యమా అంటే, నాకు అనుమానమే.

ముగింపు గురించే చెప్పుకుంటూ పోతే మధ్యలో ఉన్న మంచి ఘట్టాలకు అన్యాయం జరుగుతుంది. రెండింటి గురించి మాత్రం చెబుతాను. ఒకటి, కాఫీ ఘట్టం. మన ఇద్దరికీ తుపాకీ గురికి అందేంత దగ్గరలో ఒక ఆస్ట్రియన్ సైనికుడు తీరిగ్గా కాఫీ కాచుకుంటూ ఉంటాడు. చంపడం చాలా తేలిక. కానీ కాఫీ కాచుకునే మనిషిని ఎలా చంపుతాం? వాళ్ళకు చేయి రాదు. తూటా మరొకరి తుపాకీ నుంచి వస్తుంది. ఇది గాలిలోంచి పుట్టిన ఊహ కాదు. అదే యుద్ధంలో అధికారిగా పోరాడి, తరువాత ఫాసిస్టులకు దొరకకుండా ప్రవాసంలో ఉంటూ 1938లో తన జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చిన ఎమీలియో లుస్సు, శత్రు కందకంలో కాఫీ తాగుతున్న సైనికులనూ, సిగరెట్ వెలిగించుకుంటున్న ఒక అధికారినీ చూసి, తాను ఎందుకు పేల్చలేకపోయాడో అందులో రాశాడు. సినిమా ఆ పుస్తకానికి చాలా రుణపడి ఉంది. శత్రువు మనిషిలా కనబడిన క్షణంలో వీరుడూ పిరికివాడూ ఒకటే అయిపోతారన్నది లుస్సు అనుభవం. మోనిచెల్లి దాన్ని ఇద్దరు దద్దమ్మల చేతిలో పెట్టాడు.

రెండోది బొర్దిన్. ఫోల్కో లుల్లి వేసిన ఈ పాత్ర డబ్బులు తీసుకుని ఇతరుల వంతు ప్రమాదకరమైన పనులకు వెళుతుంటాడు. ఇంట్లో భార్యాపిల్లలున్నారు, జీతం చాలదు. కందకంలో కూడా కూలిపనే. ఒకరోజు తిరిగి రాడు. ఆ తరువాత బుసాక్కా, యాకొవాచ్చిలకు అతని భార్య పిల్లలతో ఎదురవుతుంది. భర్త చనిపోయాడని ఆమెకు తెలియదు. ఇద్దరూ ఆ సంగతి చెప్పలేరు. డబ్బు చేతిలో పెట్టి, ఏదో ఒక అబద్ధం చెప్పి పంపేస్తారు. ఎప్పుడూ డబ్బు కోసం అబద్ధమాడేవాళ్ళు, ఇక్కడ అబద్ధం కోసం డబ్బు వదులుకున్నారు. నన్నడిగితే, ముగింపుకు విత్తనం పడింది ఇక్కడే. చివర్లో వాళ్ళు హఠాత్తుగా మారారని మీకు అనిపించడానికి కారణం, ఈ ఘట్టం నవ్వుల మధ్యలో త్వరగా జారిపోవడమే కావచ్చు. రెండోసారి చూసేటప్పుడు ఇక్కడ ఆగండి.

సబ్‌టైటిల్స్‌తో చూసే మనకు తెలియని ఒక నష్టం భాష. 1915 నాటికి ఇటలీ ఒక దేశంగా ఏర్పడి కొన్ని దశాబ్దాలే అయింది. సామాన్యుల్లో చాలామందికి వాళ్ళ ప్రాంతపు మాట తప్ప పుస్తకాల ఇటాలియన్ అంతగా రాదు. సిసిలీ వాడూ, వెనెతో వాడూ, రోమ్ వాడూ, మిలనో వాడూ జీవితంలో మొదటిసారి పక్కపక్కన కూర్చున్నది కందకంలోనే. సినిమాలో ప్రతి సైనికుడూ తన యాసలో మాట్లాడతాడు. సోర్ది రోమ్ యాస సాగదీసి, అర్ధాంతరంగా మింగేసి, ప్రతి వాక్యంలోనూ ఒక తప్పించుకునే దారి అట్టే పెట్టుకుంటుంది. గాస్మన్ మిలనో యాస గొప్పలకు పోయే గొంతు. శ్రీకాకుళం మనిషినీ, నెల్లూరు మనిషినీ, కరీంనగర్ మనిషినీ ఒక గుడారంలో పడేసి ఒకరినొకరు వెక్కిరించుకోనిచ్చినట్టుంటుంది. ఆ వెక్కిరింతలన్నీ సబ్‌టైటిల్స్‌లో ఒకే రకపు ఇంగ్లీషుగా మారిపోతాయి. ఇటాలియన్ రాకపోయినా ఫరవాలేదు, రెండోసారి చూసేటప్పుడు కాసేపు అక్షరాలు చదవడం మానేసి గొంతులు వినండి.

నటుల గురించి రెండు మాటలు. గాస్మన్ అంతకుముందు రంగస్థలం మీద విషాద పాత్రలకు పేరుపడ్డవాడు, వెండితెర మీద ఎక్కువగా ప్రతినాయకుడు. అతనిలో హాస్యనటుణ్ణి 1958లో బయటికి తీసింది మోనిచెల్లే. సోర్ది దీనికి పూర్తిగా భిన్నం. నటుడిగా పేరు రాకముందు లారెల్–హార్డీ చిత్రాల్లో హార్డీకి ఇటాలియన్ గొంతు ఇచ్చినవాడు, గొంతుతో బతకడం తెలిసినవాడు. ఒకరు పైనుంచి హాస్యంలోకి దిగారు, మరొకరు కిందనుంచి పైకెక్కారు. వాళ్ళిద్దరి మధ్య నటి సిల్వానా మాంగానో వేసిన కోస్తాంతీనా అనే వేశ్య పాత్ర కొద్దిసేపే ఉన్నా, బుసాక్కా జేబు కొట్టేసి అతనికి తగ్గ జోడీ అనిపించుకుంటుంది. జూసెప్పె రోతున్నో ఛాయాగ్రహణం గురించి వేరే ఎప్పుడైనా రాయాలి. వెడల్పాటి తెర మీద, నలుపు తెలుపుల్లో, ఇద్దరు మనుషుల వెనక వందల మంది బురదలో కదులుతూనే ఉంటారు. మనం నవ్వుతున్నది ఎంత పెద్ద శ్మశానం ముందర నిలబడో అతను మరిచిపోనివ్వడు. చిత్రీకరణ జరిగిన ఫ్రియూలి ఊళ్ళలో జెమోనా, వెన్జోనె 1976 భూకంపంలో నేలమట్టమయ్యాయి. పాత వీధులు ఇప్పుడు ఈ సినిమాలో మిగిలాయి.

ఇక మొదటి ప్రశ్నకు వస్తే, ఇటాలియన్ పద్ధతి హాస్యమని పేరు తెచ్చుకున్న ఈ ధోరణిలో చావు నిషిద్ధం కాదు. అక్కడ హాస్యమంటే సుఖాంతం అని అర్థం కాదు; ఆకలి, యుద్ధం, చావు, పేదరికం వంటి సంగతులను నవ్వు ముఖంతో చెప్పడం. మీకు ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ అలవాటు కాబట్టి ఇది చేదుగా అనిపించిందని రాశారు. 1997 నాటి ఆ సినిమా ఒక తండ్రి కొడుకు కోసం అల్లిన కథ. అందులో నవ్వు పిల్లవాణ్ణి యుద్ధం నుంచి దాచిపెడుతుంది. మోనిచెల్లి నవ్వు దేన్నీ దాచదు. రెండింటినీ ఒకే కొలతతో కొలవకపోవడం మంచిది, అయితే నన్ను ఒకటే ఎంచుకోమంటే ఆలోచించకుండా ఇదే ఎంచుకుంటాను.

దీని తరువాత ఏం చూడాలని అడిగారు. లుయీజి కొమెన్చీని 1960లో తీసిన ‘తుత్తి అ కాజా’ చూడండి, ‘అందరూ ఇళ్ళకు పదండి’ అని అర్థం. ఇందులో కూడా సోర్దినే, యుద్ధం మాత్రం రెండోది. 1943 సెప్టెంబరు 8న ఇటలీ మిత్రరాజ్యాలతో సంధి చేసుకుందన్న వార్త రేడియోలో వచ్చింది, పై నుంచి ఆదేశాలు రాలేదు, నిన్నటి మిత్రులైన జర్మన్లు ఈ రోజు కాల్పులు మొదలుపెట్టారు. సోర్ది వేసిన లెఫ్టినెంట్ ఇన్నొచెంజి కంగారుగా కల్నల్‌కు ఫోన్ చేసి, ఘోరం జరిగిపోయింది సార్, జర్మన్లు అమెరికన్లతో చేతులు కలిపారు, అని మొర పెట్టుకుంటాడు. పాపం, అతనికి తోచిన లెక్క అదొక్కటే. అక్కడి నుంచి ఇంటికి చేరాలన్న ఒక్క కోరికతో ఇటలీ అంతా నడిచి, చివరికి నేపుల్స్ తిరుగుబాటులో మరతుపాకీ వెనక కూర్చుంటాడు. పిరికివాడు చివర్లో ఆయుధం పట్టడం ఇక్కడా ఉంది. అయితే ఇన్నొచెంజి ఆ నిర్ణయాన్ని తెలిసి, కళ్ళు తెరిచి తీసుకుంటాడు. యాకొవాచ్చి చివరి కేక విన్న చెవులకు ఆ నిర్ణయం మరీ సాఫీగా దొరికినట్టు నాకనిపిస్తుంది. మీకేమనిపిస్తుందో చూశాక రాయండి.